మిరపతోట పీకిన వారంలోనే మొక్కజొన్న వేశాం

ఎదురుదెబ్బ తగిలాక మనసు త్వరగా కుదుటపడాలంటే ఏం చేయాలని మీరు అడిగారు. మనసును ముందు బాగుచేసుకుని ఆ తర్వాత పనిలోకి దిగుదామనుకునేవారు ఎప్పటికీ దిగలేరని, చేతికి పని దొరికితే మనసు దాని వెంటే వస్తుందని నా గట్టి నమ్మకం.

2021లో నల్ల తామర పురుగు రెండు తెలుగు రాష్ట్రాల మిరపతోటలనూ ఊడ్చిపెట్టింది. ఖమ్మం జిల్లాలో సాగర్ ఎడమ కాలువ కింద ఉన్న మా తోట కూడా అందులో పోయింది. మాకు అలవాటైన తామర పురుగు ఆకును ముడుచుకుపోయేలా చేసేది; ఇది నేరుగా పూతలోకే దూరింది. ఒక్క పువ్వును అరచేతిలో దులిపితే నలుసుల్లాంటి నల్లటి పురుగులు గీతల వెంట పాకేవి, పూత అంతా పిందె కట్టకుండానే రాలిపోయేది. దుకాణాల వాళ్ళు మందు మీద మందు అంటగట్టారే తప్ప, మోతాదు మించి కొట్టవద్దని, నీలి రంగు జిగురు అట్టలు పెట్టమని శాస్త్రవేత్తలు చెబుతున్న మాటను మా ఊళ్ళో ఎవరి చెవినా వేయలేదు.

ఎకరాకు లక్ష దాటి పెట్టుబడి పెట్టిన తోట అలా ఎండిపోతుంటే నాన్న గట్టు మీద కూర్చుని ఎవరితోనూ మాట్లాడేవారు కాదు. వచ్చినవాళ్ళంతా ధైర్యంగా ఉండమనే చెప్పారు. ఆ మాట బాధపడేవాడి మీద ఇంకో బరువు పెట్టడమేనని నాకు అప్పుడే అర్థమైంది. మా మేనమామ మాత్రం చెప్పులు గట్టు మీద విడిచి చేలోకి దిగి, పిడికెడు మట్టి పిసికి చూసి, "బావా, పదును ఇంకా ఉంది, ఆరిపోకముందే మొక్కజొన్న వేద్దాం, లే" అన్నారు. ఆ వారంలోనే తోట పీకించి, రొటావేటర్ తోలించి, జానెడు ఎడంతో గింజ పెట్టాం. మొలకలు వరుస కట్టిన రోజు నాన్న తనంతట తానుగా మొదటి దఫా యూరియా ఎప్పుడు వేద్దామని అడిగారు. అన్ని రోజుల తర్వాత రేపటి గురించి ఆయన నోట వచ్చిన మొదటి మాట అదే.

మొక్కజొన్నకు ఆ ఏడాది మద్దతు ధర క్వింటాలుకు 1,870 రూపాయలు. దానితో మిరప నష్టం పూడలేదు, అప్పు కొంత అలాగే మిగిలింది, అయినా ఇంట్లో మళ్ళీ మాటలు మొదలయ్యాయి. ఇది సొంత పొలం ఉన్నవాళ్ళ సంగతి. ముందే కౌలు కట్టేసి, పంట పోయినా పరిహారానికి కాగితం చూపలేని కౌలు రైతుకు ఆశావాదం బోధించడం అన్యాయమని నేను అనుకుంటాను. అతనికి ముందు విత్తనానికి డబ్బు కావాలి.

మీకు తగిలిన దెబ్బ ఏమిటో మీరు రాయలేదు. పరీక్ష పోయి ఉంటే వచ్చే దరఖాస్తు గడువు ఈ రోజే చూడండి, ఉద్యోగం పోయి ఉంటే ఈ వారంలోనే ఇద్దరిని కలిసి పని అడగండి. ఉత్సాహం వచ్చిందా లేదా అని మాత్రం రోజూ తడిమి చూసుకోవద్దు.