ఫ్రాంచైజీకి డబ్బు కట్టే ముందు మూతబడిన అంగళ్ల సంగతి చూడండి

నెల్లూరు మాగుంట లేఔట్‌లో ఒక హైదరాబాదు టీ బ్రాండు ఫ్రాంచైజీ తీసుకోవాలనుకుంటున్నామని, మొత్తం 12 లక్షలవుతుందని, 14 నెలల్లో పెట్టుబడి తిరిగొస్తుందని కంపెనీవాళ్లు చెబుతున్నారని రాశారు. ఏమేం చూసుకోవాలని అడిగారు కాబట్టి చెబుతున్నాను.

కంపెనీవాళ్లు బాగా నడిచే నాలుగు అంగళ్ల నంబర్లే ఇస్తారు. మీకు కావాల్సింది మూసేసినవాళ్లు. బ్రాండు పేరుతో గూగుల్ మ్యాప్స్‌లో ఊరూరా వెతకండి. శాశ్వతంగా మూసేసినట్టు చూపించేవి, ఏడాదిగా కొత్త రివ్యూ లేనివి రాసిపెట్టుకోండి. నడుస్తున్న చోట టీ తాగి బిల్లు అడిగి తీసుకోండి. దానిమీద 15 అక్షరాల జీఎస్టీ నంబరుంటుంది, మన రాష్ట్రానిదైతే 37తో మొదలవుతుంది. జీఎస్టీ పోర్టల్‌లో ఆ నంబరు కొడితే రిజిస్ట్రేషన్ తేదీ, రిటర్నులు ఏ నెలదాకా వేశారు, రద్దయిందా అన్నవి లాగిన్ లేకుండానే కనబడతాయి. మూసేసినవాళ్లు దొరికితే ముఖ్యంగా రెండు అడగండి: డిపాజిట్ వెనక్కిచ్చారా? మిషన్లు ఎంతకు పోయాయి?

అమెరికాలోనైతే ఫ్రాంచైజీ అమ్మేవాళ్లు సంతకానికి కనీసం 14 రోజుల ముందే, మూతబడిన బ్రాంచీల లెక్కతో సహా, వివరాల పత్రం ఇచ్చి తీరాలి. మన దేశంలో ఫ్రాంచైజీలకంటూ ప్రత్యేక చట్టం లేదు, 1872 నాటి కాంట్రాక్టు చట్టమే దిక్కు. నోటిమాటగా చెప్పిన 14 నెలలు కాగితం మీద లేకపోతే కోర్టులో నిరూపించడం చాలా కష్టం.

ఇక లెక్క మీరే వేయండి. రోజుకు 9,000 అమ్మకం అనుకుందాం, నెలకు 2,70,000. సరుకు 40 శాతం అంటే 1,08,000. బాడుగ 35,000, నలుగురు పనివాళ్లకు 56,000, కరెంటు 15,000, గ్యాస్, కప్పులు 10,000. బ్రాండు పేరు వాడుకున్నందుకు కంపెనీకి కట్టే రాయల్టీ 5 శాతం అంటే 13,500, దానిమీద 18 శాతం జీఎస్టీ కలిపితే 15,930. మిగిలేది సుమారు 30,000. అప్పుమీద వడ్డీ కలపకపోయినా 12 లక్షలు రావడానికి 40 నెలలు. మీ అంకెలు వేరుగా ఉండొచ్చు, కానీ ప్రతి పద్దూ ఇలా విడదీసి చూడండి. టీ అంగడి 5 శాతం జీఎస్టీలో ఉంటే ఇన్‌పుట్ క్రెడిట్ రాదు, అంటే మీరు కొన్నవాటిమీద కట్టిన జీఎస్టీని మీరు కట్టాల్సినదాంట్లో తగ్గించుకోలేరు. అందుకే రాయల్టీమీదా, ఫ్రాంచైజీ ఫీజుమీదా కట్టే 18 శాతం పూర్తిగా మీ ఖర్చే. 5 లక్షల ఫీజుకు ఇంకో 90,000 అన్నమాట.

రాయల్టీ మొత్తం అమ్మకంమీదా, డెలివరీ యాప్ కమిషన్ పోగా వచ్చినదానిమీదా అన్నది ఒప్పందంలో స్పష్టంగా ఉండాలి. టీపొడి, సిరప్పులు కంపెనీ దగ్గరే కొనాలంటే రేట్ల పట్టిక ముందే తీసుకుని హోల్‌సేల్ ధరతో పోల్చండి, ఏడాదికి ఎంత పెంచొచ్చో రాయించండి. హైదరాబాదు నుంచి సరుకొస్తే లారీ బాడుగ ఎవరిదో కూడా అడగండి. నెల్లూరుకు మద్రాసు దగ్గర, అక్కడ గోడౌను ఉంటే ఆ ఖర్చు బాగా తగ్గుతుంది.

ప్రభుత్వ ట్రేడ్‌మార్క్ సైట్‌లో బ్రాండు పేరు 43వ క్లాసులో (హోటళ్లు, టీ అంగళ్లలాంటివాటి విభాగం) వెతకండి. స్టేటస్ రిజిస్టర్డ్ అని ఉండాలి. అబ్జెక్టెడ్ (ఆఫీసువాళ్లే అభ్యంతరం చెప్పారు), అపోజ్డ్ (వేరేవాళ్లు అడ్డుచెప్పారు) అని ఉంటే రేపు ఆ పేరే మీకు మిగలకపోవచ్చు. యజమాని కంపెనీయా, డైరెక్టరు సొంత పేరా అన్నదీ చూడండి. కంపెనీ బ్యాలెన్స్ షీటు కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో 100 రూపాయలకు చూడొచ్చు. ఆదాయమంతా కొత్త ఫ్రాంచైజీ ఫీజులదే అయి, రాయల్టీ నామమాత్రంగా ఉంటే పాత అంగళ్లు నడవడం లేదని అర్థం.

అంగడి బాడుగ ఒప్పందం లాక్-ఇన్ (మధ్యలో వదిలేయడానికి వీల్లేని గడువు), ఫ్రాంచైజీ లాక్-ఇన్ ఒకే కాలానికి ఉండాలి. లేకపోతే బ్రాండు వదిలేశాక కూడా ఖాళీ గదికి బాడుగ కట్టాల్సొస్తుంది. సెక్యూరిటీకని తేదీ లేని చెక్కులు అడిగితే ఇవ్వకండి. తప్పదంటే చెక్కు నంబరు, మొత్తం, దేనికోసమన్నది ఒప్పందంలో రాయించండి. టోకెన్ కట్టేటప్పుడు కూడా అంతే: సైటు కుదరకపోతే ఎన్ని రోజుల్లో వెనక్కిస్తారో రాసిచ్చాకే, కంపెనీ పేరుమీదున్న బ్యాంకు కరెంట్ అకౌంటుకే పంపండి.