పాత కారు కొనే ముందు, విప్పే ముందు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పాత కార్ల కొనుగోలు, మరమ్మతు, విడిభాగాల గురించినవే. ఒకే విషయం మీద వచ్చిన ప్రశ్నలను కలిపి జవాబులిస్తున్నాను.

ప్రశ్న: 1950లలో తక్కువ సంఖ్యలో తయారైన ఒకే మోడలు సెడాన్లు రెండు అమ్మకానికి ఉన్నాయి. ఒకటి కొత్త రంగుతో మెరుస్తోంది, నడుస్తోంది. కానీ దానికున్న మీటర్లు, స్టీరింగ్, వెనక లైట్లు వేరే కార్లవి. రెండోది ఏళ్ల తరబడి షెడ్డులో పడి ఉంది. ఇంజను తిరగడం లేదు, రంగు వెలిసిపోయింది, అయితే ఏ భాగమూ పోలేదు. ధరలో పెద్ద తేడా లేదు. ఏది కొనమంటారు?

జవాబు: తుప్పు ఛాసిస్‌ను, అంటే కారు అడుగు చట్రాన్ని, తినేయలేదని రూఢి అయితే రెండోదే కొనండి. ఆగిపోయిన ఇంజనును బాగుచేసే మెకానిక్కులు దొరుకుతారు, వెలిసిన రంగును మళ్లీ వేయించవచ్చు. కానీ కొద్ది సంఖ్యలో తయారైన కారుకు పోయిన స్పీడోమీటరునో వెనక లైటు చట్రాన్నో వెతికి పట్టుకోవడానికి డబ్బు ఒక్కటే చాలదు, ఏళ్లు పడుతుంది. ఇదే ప్రశ్న ఫోర్డ్ మోడల్ టీ గురించో, ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ గురించో, ఎంజీబీ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారు గురించో అడిగి ఉంటే ఇంత గట్టిగా చెప్పేవాడిని కాను. 1908 నుంచి 1927 వరకు కోటిన్నర తయారైన మోడల్ టీకి, 2003 దాకా రెండు కోట్ల పది లక్షలకు పైగా తయారైన బీటిల్‌కు చాలా భాగాలను ఇప్పటికీ కొత్తగా చేసి అమ్మేవాళ్లున్నారు. ఎంజీబీకైతే 1988 నుంచి మొత్తం బాడీనే కొత్తగా తయారుచేస్తున్నారు. అలాంటి కార్లలో లేని భాగాన్ని ఖర్చు కింద రాసుకుంటే సరిపోతుంది. మీరు చూసిన కారుకు ఆ వెసులుబాటు లేదు.

మెరిసే కారు విషయంలో నాకున్న అనుమానమల్లా రంగు కింద ఏముందన్నదే. చిన్న అయస్కాంతానికి పల్చటి బట్ట చుట్టి, తలుపుల కింది అంచులు, చక్రాల మీది మడ్‌గార్డు వంపులు, డిక్కీ అడుగు, ముందు అద్దం కింది మూలల వెంట మెల్లగా జరపండి. రేకు ఉన్నచోట అది గట్టిగా పట్టుకుంటుంది, పుట్టీ మందంగా పెట్టినచోట పట్టు సడలి జారిపోతుంది. ఆ రోజుల్లో ఫ్యాక్టరీలోనే రేకుల అతుకుల మీద సీసం నింపి నునుపు చేసేవారు కాబట్టి, అతుకు వెంబడి కాస్త పట్టు తగ్గినంత మాత్రాన కంగారుపడనక్కరలేదు. అరచేతి వెడల్పున ఎక్కడా అంటుకోకపోతే మాత్రం ఆ చోట రేకు మిగల్లేదనే అనుకోవాలి.

ఛాసిస్ విడిగా లేకుండా బాడీయే బరువు మోసే నిర్మాణమైతే ఇంకో పరీక్ష తప్పనిసరి. తలుపులు మూసి, తలుపుకూ బాడీకీ మధ్యనున్న సందు పైనా కిందా ఎంతెంత ఉందో చూసుకోండి. తర్వాత కంపెనీ నిర్దేశించిన చోట జాకీ పెట్టి ఒక పక్క పైకెత్తి, అదే సందును మళ్లీ చూడండి. సందు కంటికి కనిపించేంతగా మారి, తలుపు తెరిచేటప్పుడు పట్టేస్తుంటే, తలుపుల కింద పొడవునా సాగే సిల్ అనే బోలు దూలం లోపల పుచ్చిపోయిందన్నమాట. ఈ పరీక్ష చేసేటప్పుడు ఎవరూ కారు కిందికి దూరకూడదు.

ఛాసిస్ నంబరును ప్లేటు మీద చూసి ఊరుకోవద్దు. ప్లేటును రివెట్లతో బిగిస్తారు కాబట్టి దాన్ని ఊడదీసి మరో కారుకు పెట్టడం తేలిక. లోహం మీదే నంబరు కొట్టిన మోడలైతే ఆ చోటు వెతికి, తుప్పు తుడిచి, కాగితాలతో అంకె అంకె సరిచూడండి. 17 అక్షరాల నంబరు పద్ధతి 1981 నుంచి స్థిరపడింది. అంతకు ముందు ఒక్కో కంపెనీది ఒక్కో వరస కాబట్టి, నంబరు పొట్టిగా ఉందని అనుమానించవద్దు. మోరిస్, ఆస్టిన్, ఎంజీ వంటి బ్రిటిష్ కార్లలో చాలావాటికి బ్రిటిష్ మోటార్ మ్యూజియం ఫ్యాక్టరీ రికార్డులు చూసి ధ్రువపత్రం ఇస్తుంది. తయారైన తేదీ, మొదటి రంగు, ఇంజను నంబరు వంటివి అందులో తెలుస్తాయి. అమ్మేవారు చెప్పే చరిత్రకన్నా ఆ ఒక్క కాగితానికే నేను ఎక్కువ విలువిస్తాను.

ప్రశ్న: చాలా ఏళ్లుగా కదలని కారు కొన్నాను. ఇంజను పట్టేసింది. గేరులో వేసి మరో బండితో లాగితే విడిపోతుందని మెకానిక్ అంటున్నాడు. లాగించవచ్చా?

జవాబు: లాగించవద్దు. పిస్టన్ రింగులు తుప్పుతో సిలిండరు గోడకు అంటుకున్నప్పుడు చక్రాల నుంచి వచ్చే బలమంతా ఒక్క కుదుపుతో వాటి మీద పడుతుంది. రింగులు విరగవచ్చు, కనెక్టింగ్ రాడ్ వంగవచ్చు. ఒకవేళ ఇంజను తిరిగినా, గైడు అనే తన గొట్టంలో బిగుసుకుపోయిన వాల్వు ఒక్కటున్నా, దాన్ని తెరిచే పుష్‌రాడ్ వంగిపోతుంది. సెల్ఫు కొట్టి చూడడం కూడా ఇప్పుడు వద్దు.

ప్లగ్గులన్నీ తీసి, ఒక్కో సిలిండరులో తుప్పు వదిలించే పల్చటి నూనె పోసి, కొన్ని రోజులు నాననివ్వండి. ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఆయిల్, అసిటోన్ సమపాళ్లలో కలిపి పోసేవాళ్లు కూడా ఉన్నారు. అసిటోన్ ఇట్టే అంటుకుంటుంది కాబట్టి దగ్గర్లో నిప్పు ఉండకూడదు. ఆ తర్వాత ఇంజను ఇరుసైన క్రాంక్ ముందున్న నట్టుకు పొడవాటి స్పానర్ తగిలించి, వెంట్రుకవాసి ముందుకు, మళ్లీ వెంట్రుకవాసి వెనక్కి ఆడించండి. ఒకే వైపు బలం పెట్టడంకన్నా ఇలా అటూ ఇటూ ఆడించడమే తుప్పును విడదీస్తుంది. వాల్వుల మీదుండే రాకర్ కవర్ అనే మూత తీసి ఉంచితే ఏ వాల్వు కదులుతోందో ఏది లేదో కళ్ళెదుటే కనిపిస్తుంది. ఇంత చేసినా కదలకపోతే మొండిపట్టు పట్టకుండా సిలిండర్ల పైమూత అయిన హెడ్డు విప్పాలి.

విడిపోయిన ఇంజనును వెంటనే స్టార్టు చేయకూడదు. పాత ఆయిలు తీసి, ఇంజను కిందుండే ఆయిలు తొట్టి అయిన సంప్ విప్పి అడుగున పేరుకున్న మడ్డిని కడిగి, కొత్త ఆయిలు పోసి, ప్లగ్గులు లేకుండానే ఆయిల్ ప్రెషరు కనిపించేదాకా తిప్పండి. అప్పుడే కంప్రెషన్, అంటే సిలిండరులో గాలి ఒత్తిడి, కూడా కొలవండి. సిలిండర్ల మధ్య తేడా పది శాతం లోపుంటే నిశ్చింత. ఒకదాంట్లో తక్కువ వస్తే అందులో చెంచాడు ఆయిలు పోసి మళ్లీ కొలవండి. పెరిగితే లోపం రింగుల్లో, పెరగకపోతే ఎక్కువగా వాల్వుల్లో ఉంటుంది. ఇక రోడ్డెక్కే ముందు బ్రేకుల హైడ్రాలిక్ భాగాలన్నీ విప్పి కొత్త రబ్బర్లు వేయాలి. బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది, నిలిచి ఉన్నన్నాళ్లూ సిలిండర్లను లోపలినుంచి తినేస్తుంది. పాత బ్రేకు లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఎక్కువ కాబట్టి, డ్రమ్ములోని దుమ్మును గాలి కొట్టి ఊదవద్దు. తడిబట్టతో తుడిచి, ఆ బట్టను సంచిలో కట్టి పారేయండి.

ప్రశ్న: నా కారు గేర్‌బాక్సు బేరింగు, ఆయిల్ సీలు అరిగిపోయాయి. ఇంజను పక్కనున్న అల్యూమినియం బ్రాకెట్టు విరిగింది. కంపెనీ మూతపడి చాలా కాలమైంది. విడిభాగాల దుకాణాల్లో కారు పేరు చెబితేనే లేదంటున్నారు. ఎలా?

జవాబు: దుకాణంలో కారు పేరు చెప్పడం మానేసి, కొలతలు చెప్పడం మొదలుపెట్టండి. మీ బేరింగును, సీలును కారు కంపెనీ తయారుచేసి ఉండదు, బయటి కంపెనీల దగ్గర కొని బిగించి ఉంటుంది. ఆ బేరింగు సైజులు చాలావరకు ఇప్పటికీ మోటార్లలో, పంపుల్లో, ట్రాక్టర్లలో వాడుకలో ఉన్నాయి. బేరింగును కిరోసిన్‌తో కడిగి, దాని రింగు పక్కన చెక్కిన అంకెలను భూతద్దంతో చదవండి. ఉదాహరణకు 6204 అని ఉంటే లోపలి రంధ్రం 20 మిల్లీమీటర్లు, బయటి వ్యాసం 47, వెడల్పు 14. చివరి రెండంకెలు 04 గానీ అంతకన్నా ఎక్కువ గానీ అయితే వాటిని అయిదుతో హెచ్చిస్తే రంధ్రం కొలత వస్తుంది. ఏ కంపెనీ చేసినా ఈ అంకెలకు ఇదే అర్థం. అంకెలు చెరిగిపోతే వెర్నియర్ అనే కొలత సాధనంతో మూడు కొలతలూ తీసుకోండి. పాత బ్రిటిష్, అమెరికన్ కార్లలో అంగుళాల బేరింగులు ఉంటాయి కాబట్టి కొలత మిల్లీమీటర్లలో పూర్ణసంఖ్య రాకపోతే అంగుళాల్లోకి మార్చి చూడండి. ఆయిల్ సీలుకు షాఫ్టు వ్యాసం, గుంట వ్యాసం, మందం కొలిస్తే సరిపోతుంది.

కార్బురేటరు, డిస్ట్రిబ్యూటరు, బ్రేకు సిలిండర్లదీ ఇదే దారి. ఎస్‌యూ, సోలెక్స్, లూకాస్, బాష్, గర్లింగ్ వంటి పేర్లు వాటి మీదే పోతపోసో చెక్కో ఉంటాయి. ఆ పేరుతో, ఆ నంబరుతో వెతకండి. మరికొన్ని భాగాలు అన్నదమ్ముల్లాంటి కార్లలో దొరుకుతాయి. బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ (బీఎంసీ) వారి బీ సిరీస్ ఇంజను మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌లో, ఆస్టిన్ కేంబ్రిడ్జ్‌లో, ఎంజీఏలో, ఎంజీబీలో వచ్చింది. పరిమాణం 1798 సీసీ దాకా పెరిగినా అనేక భాగాలు కలుస్తాయి. అన్నీ కలవవు. ఎంజీబీలోనే 1964 చివర్లో క్రాంకుకు మూడు మెయిన్ బేరింగులకు బదులు అయిదు వచ్చాయి, కాబట్టి ఆర్డరు చేసే ముందు ఇంజను నంబరు మొదటి అక్షరాలు చూసి తీరాలి.

నట్లు, బోల్టుల దగ్గరే ఎక్కువమంది పాత కార్లను పాడుచేస్తున్నారు. ఎంజీ టీ సిరీస్ కార్లలోని ఎక్స్‌పీఏజీ ఇంజనులో బోల్టు తలకు అంగుళాల కొలతలోని పాత బ్రిటిష్ విట్‌వర్త్ స్పానరు పడుతుంది, మర మాత్రం మిల్లీమీటర్ల కొలతైన మెట్రిక్. మోరిస్ సంస్థ 1923లో కొన్న ఇంజను కర్మాగారం ఫ్రెంచి హాచ్‌కిస్ వారిది. అక్కడి యంత్రాలు మెట్రిక్ మరలు కోసేవి కాబట్టి ఆ అలవాటు అలాగే కొనసాగింది. ఇది తెలియని మెకానిక్ దగ్గరి సైజు బోల్టును బలవంతంగా బిగిస్తే బ్లాకులోని మర చెడిపోతుంది. రెండు తిప్పులు చేత్తో తిరగని బోల్టుకు స్పానరు పెట్టవద్దు.

మీ బ్రాకెట్టు కచ్చితంగా ఆ కారుకే చెందినది, దాన్ని చేయించుకోవాల్సిందే. బతిమాలి చెబుతున్నాను, విరిగిన ముక్కలను పారేయకండి. వాటిలో రంధ్రాల మధ్య దూరం, వంపు, మందం అన్నీ ఉన్నాయి. ముక్కలను కలిపి వెల్డింగు చేయగలిగితే అదే మేలు. వీలుకాకపోతే వాటిని చూసి నమూనా చేయించి పోతపోయించాలి. అల్యూమినియం చల్లారేటప్పుడు సుమారు 1.3 శాతం, పోత ఇనుము సుమారు ఒక శాతం కుంచించుకుపోతాయి. అందుకే పాత భాగాన్నే ఇసుకలో అచ్చు వేస్తే కొత్తది చిన్నదై బోల్టు రంధ్రాలు కలవవు. నమూనాను ఆ మేరకు పెద్దదిగా చేసి, బిగింపు ముఖాల దగ్గర లేత్ పనికి అదనపు మందం ఉంచాలి. స్కాన్ చేసి త్రీడీ ప్రింటరుతో నమూనా తీయించడం ఇప్పుడు వడ్రంగి పనికన్నా తేలికగా సాగుతోంది. అయితే స్టీరింగు చేతులు, ముందు చక్రం తిరిగే స్టబ్ యాక్సిల్ వంటి ప్రాణాధారమైన భాగాలను ఎన్నడూ ఇలా పోతపోయించవద్దు. అవి సుత్తిదెబ్బలతో రూపుదిద్దిన ఉక్కు, పోత లోహానికి ఆ బలం రాదు.

పాత నిల్వ సరుకు సీలు విప్పని పెట్టెలో దొరికితే సంతోషమే, కానీ లోహపు భాగాలకే. ఏళ్లపాటు పెట్టెలో ఉన్న రబ్బరు సీలు గోటితో వంచితే బీటలు వారుతుంది. బ్రేకులకు దాన్ని వాడకండి.

ప్రశ్న: సీసం లేని పెట్రోలు పాత ఇంజనును పాడుచేస్తుందంటారు. ఏదైనా మందు కలపాలా?

జవాబు: సీసం ఎగ్జాస్ట్ వాల్వు కూర్చునే సీటును అరగకుండా కాపాడేది. 2021లో అల్జీరియా కూడా ఆపేయడంతో కార్లకు సీసం కలిపిన పెట్రోలు ప్రపంచంలో ఎక్కడా లేకుండా పోయింది, అది ఆరోగ్యానికి మంచిదే. ప్రమాదం సీట్లను నేరుగా పోత ఇనుప హెడ్డులోనే కోసిన ఇంజన్లకు. అల్యూమినియం హెడ్డులో ఎలాగూ విడి సీట్లు బిగించి ఉంటాయి. మందు కొనే ముందు, వాల్వుకూ దాన్ని నొక్కే భాగానికీ మధ్యనుండే ట్యాపెట్ సందును కొలిచి రాసుకోండి. వెయ్యి, రెండు వేల కిలోమీటర్లకొకసారి కొలిచినప్పుడు ఎగ్జాస్ట్ వాల్వుల సందు తగ్గుతూ వస్తుంటే సీటు అరుగుతోందని అర్థం. తగ్గకపోతే ఏమీ చేయనక్కరలేదు. నెమ్మదిగా నడిచే కార్లలో చాలావాటికి తగ్గదు. ఎప్పుడైనా హెడ్డు విప్పాల్సి వస్తే గట్టి సీట్లు వేయించండి.

నా దృష్టిలో సీసంకన్నా పెద్ద బెడద పెట్రోలులో కలిపే ఇథనాల్. అది పాత రబ్బరు గొట్టాలను మెత్తబరిచి పగలగొడుతుంది, నీటిని పీల్చి ట్యాంకు అడుగున తుప్పు పెంచుతుంది. ఎస్‌ఏఈ జె30 ఆర్9 అని ముద్రించిన గొట్టాలు వేయించి, నెలల తరబడి కారు ఆపేటప్పుడు కార్బురేటరును ఖాళీ చేయండి.

ప్రశ్న: కారుకు ఫ్యాక్టరీలో వేసిన రంగు అక్కడక్కడా పోయింది. మొత్తం గీకించి కొత్త రంగు వేయించమంటారా?

జవాబు: వద్దు. 1966లో ఏర్పడిన అంతర్జాతీయ పాత వాహనాల సమాఖ్య ఫివా, 30 ఏళ్లు దాటి, చారిత్రకంగా సరైన స్థితిలో కాపాడి, రోజువారీ రవాణాకు వాడని వాహనాన్నే చారిత్రక వాహనంగా పరిగణిస్తుంది. మొదటి రంగు ఆ చరిత్రలో భాగం. దాన్ని ఒకసారి గీకేస్తే ఎంత ఖర్చుపెట్టినా తిరిగి రాదు. తలుపు లోపలి అంచు మీద చిన్న చోట మెత్తటి పాలిష్‌తో రుద్ది చూడండి. బట్టకు రంగు అంటుకుంటే, పైన క్లియర్ కోటు అనే పారదర్శక పూత లేని పాత రంగన్నమాట. ప్రతి రుద్దుకూ అది పల్చబడుతుంది కాబట్టి మెరుపు రాగానే ఆపి, మైనం పట్టించండి. రేకు బయటపడ్డ చోట తుప్పు ఆపి, అంతవరకే రంగు వేయించండి.

ప్రశ్న: టైర్ల మీద గాళ్లు కొత్తవాటిలా లోతుగా ఉన్నాయి. కారు కొనేటప్పుడు టైర్ల ఖర్చు లెక్క వేసుకోనక్కరలేదు కదా?

జవాబు: లెక్క వేసుకోండి. 2000 నుంచి వచ్చిన టైర్ల పక్క గోడ మీద డీఓటీ అక్షరాల చివర నాలుగంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం. మూడంకెలే ఉంటే అది అంతకు ముందుది, దాన్ని నమ్మి రోడ్డెక్కకండి. పాత కారు తిరిగేది తక్కువ కాబట్టి గాళ్లు అరగకముందే రబ్బరు పెళుసెక్కుతుంది. కొత్తవి వేసేటప్పుడు లోపలి దారాల అల్లిక వేరువేరుగా ఉండే క్రాస్‌ప్లై, రేడియల్ టైర్లను ఒకే కారుకు కలిపి బిగించవద్దు. తీగల చక్రాలైతే స్పోకుల కొసలు ట్యూబును పొడవకుండా రిమ్ము లోపల రబ్బరు పట్టీ కూడా కొత్తది వేయించండి.