డేటాబేస్ ఉద్యోగమంటే డేటా ఎంట్రీ కాదండీ

ప్రశ్న: మా అబ్బాయి మెకానికల్ బీటెక్ పూర్తిచేసి ఏడాదైంది. అమెరికా కాంట్రాక్టర్లకు ఏసీ డక్టుల (గాలి పోయే రేకు గొట్టాల) డ్రాయింగులు చేసిపెట్టే హైదరాబాద్ ఆఫీసులో ‘ఫ్యాబ్రికేషన్ డేటాబేస్’ విభాగంలో ఉద్యోగం వచ్చింది. జీతం 18 వేలు. అది ఉత్త డేటా ఎంట్రీ పని అని మా తోడల్లుడు అంటున్నాడు. 70 వేలు కట్టి, బిల్డింగును కంప్యూటర్‌లో మోడల్ చేసే బిమ్ కోర్సు చేయించాలా, డేటా సైన్స్‌లో చేర్పించాలా, దీనికే పంపాలా? మూడూ పోల్చి చెప్పండి. సెలవులన్నీ విజయవాడ ఆటోనగర్‌లో మేనమామ డక్టుల షెడ్డులో గడిపి చదువు మీద ధ్యాస పోగొట్టుకున్నాడు వాడు. – ఒక తండ్రి, ఏలూరు

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివానండీ. తోడల్లుడు ఏమన్నాడో ఉంది, ఫీజు ఎంతో ఉంది, నలుగురిలో ఏం చెప్పుకోవాలన్న బాధా కనిపిస్తూనే ఉంది. మీ అబ్బాయి ఏమన్నాడో మాత్రం ఒక్క ముక్క లేదు. నాకు ఇలాంటి ఉత్తరాలు తరచూ వస్తుంటాయి. ఉద్యోగం పేరు మారుతుంది, తోడల్లుడు మాత్రం మారడు.

డేటా సైన్స్ సంగతి ముందే తేల్చేద్దాం. అబ్బాయికి స్టాటిస్టిక్స్ అంటే ఇష్టమనో, ప్రోగ్రాములు రాస్తుంటాడనో మీరెక్కడా రాయలేదు. అందరూ చేస్తున్నారన్నదొక్కటే కారణమైతే వద్దు.

బిమ్ కోర్సు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. బిమ్ మంచిదే. నా అనుమానమంతా మూడు నెలల సర్టిఫికెట్ మీద. ఈ కోర్సులు చేసినవాళ్లు ప్రాజెక్టు చూపించమంటే నా ముందు ల్యాప్‌టాప్ తెరుస్తారు. తీరా చూస్తే రెండంతస్తుల విల్లా, పోర్టికోలో ఎర్ర కారు, పక్కన రెండు కొబ్బరిచెట్లు. ఆ విల్లాను నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ఇంటర్వ్యూ చేసేవాళ్లు నాకంటే ఎక్కువసార్లు చూసుంటారు. ఆ మోడల్ గీసే సాఫ్ట్‌వేర్ రెవిట్‌లో ఏ బటన్ ఎక్కడుందో కోర్సు నేర్పుతుంది. డక్టు బీము కింద నుంచి ఎందుకు పోవాలో, రేకును ఎలా మడుస్తారో నేర్పదు. ‘వంద శాతం ప్లేస్‌మెంట్’ అని బోర్డు పెట్టినవాళ్లను, పోయిన బ్యాచ్‌లో ఎవరెవరు ఎక్కడ చేరారని ఒక్కసారి అడిగి చూడండి. మీవాడి చేతిలో ఆఫర్ ఉంది. పైగా ఏ పని నేర్చుకోవడానికి మీరు 70 వేలు కడదామనుకుంటున్నారో, ఆ ఆఫీసు దాన్ని జీతమిచ్చి నేర్పుతానంటోంది. మీరేమో బేరమాడుతున్నారు!

ఇక ఆ పని ఏమిటో చెబుతాను. డిజైన్ చేసే ఇంజినీరు రెవిట్‌లో డక్టు గీస్తే ఈ చివర నుంచి ఆ చివరకు సాగుతుంది. 100 అడుగుల కారిడార్‌లో 100 అడుగుల డక్టు. తెరమీద బాగానే ఉంటుంది గానీ అంత పొడుగు డక్టును ఏ షెడ్డులో చేస్తారు, ఏ లారీలో ఎక్కిస్తారు? షాపులో తయారయ్యేవి ముక్కలు. 60 అంగుళాల వెడల్పు రేకుచుట్టలు వాడే అమెరికా షాపుల్లో, రేకు అంచునే మడిచి ఫ్లాంజి (ముక్కకు ముక్క బిగించే అంచు) తీస్తే, రెండు చివర్లా ఆ మడతలకు పోను మిగిలే ముక్క సుమారు 56 అంగుళాలు. ఆ 56ను ఎవరో ఒకరు ముందుగా డేటాబేస్‌లో పెట్టి ఉంచాలి.

పొరపాటున 60 అని పెట్టారనుకోండి. మోడల్ చక్కగానే కనిపిస్తుంది. కారిడార్ 20 ముక్కలతో పూర్తయిపోతుంది. షాపులో చేయబోతే 22 కావాలి. జాయింట్లన్నీ పక్కకు జరుగుతాయి, జరిగినచోట డక్టును వేలాడదీసే హ్యాంగర్ రాడ్డు అడ్డం వస్తుంది. స్లాబు పోసేముందే ఆ రాడ్లు బిగించే ఇన్సర్టులు పెట్టేసి ఉంటే ఇక సైట్‌లో ఫోర్‌మన్ తిట్లు తినేది ఎవరో ఊహించుకోండి.

ఇది ఒక్క నేరు ముక్క సంగతి. ఒక ఎల్బో (మలుపు ముక్క) వెనక ఏ గేజ్ (మందం నంబరు) రేకు, ఎంత గాలి ఒత్తిడికి ఎంత మందం, చివర పక్క ముక్కతో కలిపే కనెక్టర్ ఏది, ఇన్సులేషన్ ఉందా లేదా, ధరెంత, షాపులో చేయడానికి ఎంతసేపు, సైట్‌లో బిగించడానికి ఎంతసేపు, ఇవన్నీ ఉంటాయి. గీయడానికి క్యాడ్‌మెప్, ఎస్టిమేట్‌కు ఎస్ట్‌మెప్, రేకు కోసే మెషిన్‌కు క్యామ్‌డక్ట్, ఈ మూడు సాఫ్ట్‌వేర్లూ ఒకే డేటాబేస్ మీద నడుస్తాయి. రెవిట్ తయారుచేసే ఆటోడెస్క్ వీటిని 2011లో మ్యాప్ అనే బ్రిటిష్ కంపెనీ నుంచి కొంది. 2016 వెర్షన్ నుంచి రెవిట్‌లోనూ ఈ భాగాలతో మోడల్ చేయొచ్చు. అయితే ఒక భాగాన్ని లోపల విప్పి మార్చాలంటే ఆ మూడింటిలో ఒకదానికి వెళ్లాలి, మార్చి వచ్చాక రెవిట్‌లో కాన్ఫిగరేషన్ (ఆ డేటాబేస్ అమరిక) రీలోడ్ చేయాలి. అందరూ వాడేది ఆ ఒక్క డేటాబేసే కాబట్టి అందులో జరిగిన తప్పు డ్రాయింగులోకీ, కొటేషన్‌లోకీ, కోసిన రేకులోకీ మూడింటిలోకీ పాకుతుంది. డేటా ఎంట్రీలో తప్పు పడితే ఎవరో దిద్దుకుంటారు. ఇక్కడ కోసేసిన రేకును ఎవరు దిద్దుతారు?

ఒకసారి ఇలాంటి ఆఫీసుకు వెళ్లినప్పుడు ఒకమ్మాయి పక్కన కూర్చున్నాను. ఒకే ఎల్బో డేటాబేస్‌లో రెండు పేర్లతో ఉంది. రెండూ పక్కపక్కన తెరిచింది. ఒకదానికి ఒక చివర కనెక్టరే లేదు, ఖాళీ. డిలీట్ కొట్టేస్తుందనుకున్నాను. ముందు ఫోల్డర్ మొత్తం ఇంకో డ్రైవ్‌లోకి కాపీ చేసుకుంది. తర్వాత ఆ ఖాళీ ఎల్బోను ఏయే పాత ప్రాజెక్టుల్లో వాడారో వెతకడం మొదలుపెట్టింది. నేను టీ తాగి, మేనేజర్‌తో మాట్లాడి తిరిగొచ్చేసరికీ వెతుకుతూనే ఉంది. ఆ టీమ్‌లో ఆమె లీవు పెడితే ఇద్దరు ముగ్గురికి టెన్షన్ అని మేనేజరే చెప్పాడు.

ఈ దారిలోనూ నాకు భయాలు లేకపోలేదు. మొదటి ఏడాది విసుగ్గా ఉంటుంది, కేటలాగులు చూసి కొలతలు ఎక్కించే పనే ఎక్కువ. ఆ వరకు మీ తోడల్లుడిది నిజమే. పని అంతా ఒక కంపెనీ సాఫ్ట్‌వేర్ మీద, అమెరికాలో కట్టే బిల్డింగుల మీద ఆధారపడి ఉంటుంది. అక్కడ కట్టడాలు తగ్గితే ఇక్కడ టేబుళ్లు ఖాళీ అవుతాయి. కాబట్టి చేరేముందే, ఎన్నాళ్లకు కాన్ఫిగరేషన్ మీద చేయి పెట్టనిస్తారో, తప్పు చేస్తే చూసి దిద్దే సీనియర్ ఉన్నాడో లేడో, షిఫ్టు ఎన్నింటి దాకానో అబ్బాయినే అడగమనండి. మీరు ఫోన్ చేయకండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర పెట్టుకుంటామంటే ఇవ్వొద్దు.

పోలిక అడిగారు, ఇంతేనా అనుకుంటున్నారేమో. మీకు పోలిక కన్నా ధైర్యం కావాలనిపించింది. ఏడాది చేసి నచ్చకపోతే వచ్చేయొచ్చు, అప్పటికి షాప్ డ్రాయింగు చదవడం, అంగుళాల్లో ఆలోచించడం చేతికొస్తాయి. బిమ్ కోర్సు అప్పుడైనా ఎక్కడికీ పోదు. హైదరాబాద్‌లో 18 వేలు హాస్టల్‌కూ తిండికీ బొటాబొటీగా సరిపోతాయి. ఆ 70 వేలలోంచే మొదటి ఆరు నెలలు కాస్త పంపండి.

ఇంకొక్క మాట, కోప్పడకండి. షెడ్డులో కూర్చుని పాడైపోయాడని రాశారు. 24 గేజ్ కన్నా 22 గేజ్ రేకు మందమని చాలామంది కొత్తవాళ్లకు చెబితే తప్ప తెలియదు. మీవాడు దాన్ని వేళ్లతో తడిమి చెప్పగలిగి ఉండాలి. ఆఫీసువాళ్లు బహుశా ఆ షెడ్డు చూసే ఉద్యోగమిచ్చారు. దాన్ని మీరు తప్పుల ఖాతాలో రాశారు.

ఒప్పుకుంటున్నానని ఈ వారంలోనే మెయిల్ పెట్టమనండి. చేరేలోపు నాలుగు రోజులు మళ్లీ ఆటోనగర్ పంపండి. టేపు పట్టుకుని అక్కడ ముక్క ఎంత పొడవు వస్తోందో, ఫ్లాంజికి ఎంత రేకు పోతోందో కొలిచి నోట్‌బుక్‌లో రాసుకోమనండి. అక్కడి కొలతలు మిల్లీమీటర్లలో ఉంటాయి, వాటిని అంగుళాల్లోకి మార్చుకోవడం కూడా అలవాటవుతుంది. వీలైతే మీరూ ఒక పూట వెళ్లండి. మీ బావమరిది సంతోషిస్తాడు.