బాకీ ‘సెటిల్’ చేసుకోవడం వేరు, తీర్చడం వేరు

ప్రశ్న: తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి దగ్గర మాకు గాజులు, రాగి చెంబులు అమ్మే చిన్న అంగడి ఉంది. యాత్రికులు పలచబడిన నెలల్లో బ్యాంకు వ్యక్తిగత రుణం కంతులు రెండు తప్పిపోయాయి. అదే బ్యాంకు క్రెడిట్ కార్డు బాకీ 1,40,000 రూపాయలకు చేరింది. బ్యాంకుకు వెళ్లి అడిగితే, మిగిలిన 3,00,000 రూపాయల రుణానికి గడువు నాలుగేళ్లకు పొడిగించి నెలకు 8,350 రూపాయలు కట్టమన్నారు. కార్డు బాకీని 24 కంతులుగా మార్చారు. ఐదు నెలలుగా తప్పకుండా కడుతున్నాము. ఇప్పుడు వసూలు ఏజెంటునంటూ ఒకాయన ఫోన్ చేసి, 1,75,000 రూపాయలు ఒకేసారి కడితే రుణం సెటిల్ చేయిస్తానంటున్నాడు. నగలు కుదువ పెట్టి ఆ పని చేయవచ్చా? రెండేళ్లలో మా అమ్మాయికి విద్యారుణం కావాలి. అప్పటికి నా సిబిల్ స్కోరు (అప్పులు తీర్చిన తీరుకు ఇచ్చే అంకె) కోలుకుంటుందా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: ఆ పని చేయకండమ్మా. కంతులు సక్రమంగా నడుస్తున్న ఖాతాకు వసూలు ఏజెంటు తనంతట తానే రాయితీ ఇస్తాననడం అనుమానించవలసిన విషయం. ఆయన చెప్పిన ఖాతాకు ఒక్క రూపాయి కూడా పంపకుండా, ముందు మీ బ్యాంకు శాఖకు వెళ్లి అలాంటి ప్రతిపాదన తమదేనా అని కాగితం మీద రాసివ్వమనండి. ఉదయం 8 గంటలకు ముందు, రాత్రి 7 గంటల తర్వాత వసూలు ఫోన్లు చేయకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన ఉన్న సంగతి కూడా గుర్తుంచుకోండి.

ఒకవేళ ఆ ప్రతిపాదన నిజమైనదే అయినా నా సలహా మారదు. మీరు 1,75,000 కడితే బ్యాంకు మిగిలిన సుమారు లక్ష రూపాయలను వదులుకుంటుంది, మీ అప్పుల చరిత్ర చూపే సిబిల్ నివేదికలో ఆ ఖాతా ఎదురుగా ‘క్లోజ్డ్’ అని కాక ‘సెటిల్డ్’ అని రాస్తుంది. ఆ మాట చూసిన అధికారికి, ఈమె బాకీ పూర్తిగా తీర్చలేదు అనే అర్థమవుతుంది. పైగా 2023 జూన్‌లో వచ్చిన రిజర్వు బ్యాంకు మార్గదర్శకాల ప్రకారం, ఇలా రాజీ చేసుకున్నవారికి, వ్యవసాయ రుణాలు మినహా, కనీసం 12 నెలలు ఆ బ్యాంకు కొత్త అప్పు ఇవ్వదు. రుణ సమాచారాన్ని సిబిల్ వంటి సంస్థలు కనీసం ఏడేళ్లు భద్రపరుస్తాయి కాబట్టి, మీ అమ్మాయి చదువుకు అప్పు అడిగే రోజున ఆ మాట అక్కడే ఉంటుంది. నగలు పోగొట్టుకుని ఈ ముద్ర వేయించుకోవడం ఎందుకు? ఆదాయం పూర్తిగా ఆగిపోయి వేరే దారి లేనివారికి సెటిల్‌మెంటు తప్పదు, వారిని నేను తప్పుపట్టను. మీ పరిస్థితి అది కాదు.

మీరు కార్డు బాకీని కంతులుగా మార్చుకోవడం ఎంత మంచి పనో లెక్క వేసి చూపిస్తాను. నెలకు 3.5 శాతం వడ్డీ అనుకుంటే 1,40,000 మీద వడ్డీ 4,900, దాని మీద 18 శాతం జీఎస్టీ 882. కంతులుగా మార్చకుండా, కార్డుకు నెలనెలా కట్టవలసిన కనీస మొత్తంగా 5 శాతం, అంటే 7,000 కట్టినా అసలులో తగ్గేది 1,218 రూపాయలే. అదే బాకీని ఏడాదికి 16 శాతం వడ్డీతో 24 కంతులు చేస్తే, వడ్డీ మీద పన్ను కాక, నెలకు సుమారు 6,855 అవుతుంది. దాదాపు అదే డబ్బుతో బాకీ రెండేళ్లలో తీరిపోతుంది. అది తీరేవరకు ఆ కార్డుతో కొత్తగా ఏమీ కొనకండి.

గడువు పొడిగించిన రుణానికి ‘రీస్ట్రక్చర్డ్’ అనే గుర్తు పడవచ్చు, దానివల్ల స్కోరు కొంత తగ్గుతుంది కూడా. అయితే నివేదికలో ప్రతి ఖాతా కింద నెలకొక గడి ఉంటుంది; ఆ నెల కంతు ఎన్ని రోజులు ఆలస్యమైందో అందులో అంకెగా వేస్తారు. ఆలస్యం లేకపోతే ‘000’. మీకు తప్పిన నెలల్లో ‘030’ వంటి అంకె కనిపించవచ్చు, అది చెరగదు. ఆ తర్వాత వరుసగా సున్నాలు నిండుతూ వస్తే స్కోరు నెమ్మదిగా లేస్తుంది. ఎంత లేస్తుందో ముందే అంకె చెప్పడం నిజాయితీ కాదు. అందుకే బ్రహ్మోత్సవాలు, వేసవి సెలవుల్లో అంగడి బాగా నడిచినప్పుడు, కనీసం మూడు కంతుల డబ్బును సరుకుకు మళ్లించకుండా వేరే ఖాతాలో ఉంచి, కంతులు ఆ ఖాతా నుంచే కోతపడేలా చేసుకోండి.

నివేదికను ఇప్పుడే ఒకసారి తెప్పించి చూడండి. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అనే నాలుగు సంస్థలూ ఏడాదికొకసారి పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వాలి. సొంత నివేదిక చూసుకుంటే స్కోరు తగ్గదు. గడువు పొడిగించిన తర్వాత కూడా పాత బకాయి అలాగే కనిపించడం నేను తరచుగా చూసే పొరపాటు. అలా ఉంటే బ్యాంకు ఇచ్చిన ఒప్పంద పత్రం జతచేసి ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో పరిష్కరించకపోతే ఆపై రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం మీకు రావాలి. డబ్బిస్తే స్కోరు పెంచుతామనే మధ్యవర్తులను మాత్రం దగ్గరికి రానీయకండి. నిజంగా జరిగిన ఆలస్యాన్ని ఎవరూ తుడిచివేయలేరు.

విద్యారుణంలో సాధారణంగా తల్లి గానీ తండ్రి గానీ సహ రుణగ్రహీతగా ఉంటారు. మీ వారి పేరున ఎగవేతలు లేకపోతే దరఖాస్తు ఆయనతో కలిపి పెట్టించండి. ఈ లోపు నాలుగు చోట్ల అప్పు కోసం దరఖాస్తు చేయకండి, అప్పిచ్చేవారు మీ గురించి చేసే విచారణలన్నీ నివేదికలో నమోదవుతాయి. అప్పటికి కార్డు కంతులు ముగిసి ఉంటాయి కనుక, బాకీ లేదనే పత్రం బ్యాంకు నుంచి తీసుకుని, నివేదికలో ఆ బాకీ సున్నా అని పడిందో లేదో చూసుకున్న తర్వాతే దరఖాస్తు ఇవ్వండి.