ఫిబ్రవరి జబ్బు సెలవుకి ఈఎస్ఐ డబ్బు ఎందుకు పడలేదు

నెల్లిమర్ల జూట్ మిల్లులో పనిచేసే మీ నాన్నగారికి ఫిబ్రవరిలో 15 రోజులు జబ్బు చేసింది, జీతం స్లిప్పులో ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) కోత ఉంది, అయినా నగదు రాలేదన్నారు. చాలావరకు 78 రోజుల లెక్క దగ్గరే తేడా వచ్చి ఉంటుంది.

అందరూ పొరపడేది ఇక్కడే. ఫిబ్రవరి జబ్బుకి జనవరి, డిసెంబరు పనిరోజులు చూడరు. జనవరి నుంచి జూన్ లోపు జబ్బుకి, అంతకుముందు ఏడాది ఏప్రిల్–సెప్టెంబరు మధ్య కనీసం 78 రోజులకి చందా (జీతంలో కోసే ఈఎస్ఐ సొమ్ము) కట్టి ఉండాలి. జూలై–డిసెంబరు జబ్బుకైతే అక్టోబరు–మార్చి లెక్క. పోయిన వేసవిలో మిల్లు మూతపడిందా? నాన్నగారిని అడగండి.

1. ఈఎస్ఐ పోర్టల్‌లో ఆయన బీమా నంబరుతో లాగిన్ అయి, చందా వివరాల్లో నెలవారీ రోజులు కూడండి. రూపాయలు కాదు, రోజులు.

2. ఆయన 24 రోజులు చేసిన నెలకి అక్కడ 14 అని ఉంటే, హాజరు కార్డు, జీతం స్లిప్పు పట్టుకుని మిల్లులో హాజరు లెక్కలు చూసే టైం ఆఫీసుకి వెళ్లి సరిచేయమని రాతపూర్వకంగా అడగండి. నోటిమాట వద్దు, రేపు ఎల్లుండి అంటారు.

3. 78 దాటాయా? అయితే జబ్బు సర్టిఫికెట్ చూడండి. ఈఎస్ఐ డాక్టరు ఇచ్చింది కావాలి. దాంతో ఈఎస్ఐ బ్రాంచి ఆఫీసులో క్లెయిమ్ పెట్టండి.

వచ్చేది రోజు కూలీలో 70 శాతం. మామూలుగా మొదటి రెండు రోజులకి ఇవ్వరు, 13 రోజులకే లెక్క వేసుకోండి.