పూల మొక్కలు నాటితే చాలదా, అడవి తేనెటీగల్ని కాపాడటానికి డీఎన్‌ఏ పరీక్షలు ఎందుకు?

నాటడం మంచిదే. కానీ ఎక్కడ నాటాలి, ఏ నెలలో పూసేవి నాటాలి అన్నది పూల మీద ఈగల్ని లెక్కపెడితే తెలియదు. ఎమ్మెస్సీ చదివేటప్పుడు ఇంగ్లండ్‌లో ఒక వేసవంతా పొలం గట్ల మీద బంబుల్‌బీలు పట్టాను. నాకు ఈ సంగతి అర్థమైంది అక్కడే.

బంబుల్‌బీ ఒక రకం అడవి తేనెటీగ, మన తుమ్మెదలా బొద్దుగా, ఒళ్ళంతా నూగుతో ఉంటుంది. పాత ఎలుక బొరియల్లాంటి చోట్ల గూడు పెడుతుంది, వెతికినా దొరకదు. అందుకని పువ్వు మీద వాలినదాన్ని పట్టి చిన్న గొట్టంలోకి దింపేవాళ్ళం. అడుగు నుంచి స్పాంజితో మెల్లగా నెడితే పైనున్న వల సందుల్లోంచి కాళ్ళు బయటికొస్తాయి. చిరాకేస్తే అది మధ్యకాలు పైకెత్తుతుంది, "ఆగక్కడ" అన్నట్టు. మేం కత్తిరించేది సరిగ్గా ఆ కాలి కొసనే! మొదటి వారం నా చేతులు వణికాయి. వదిలేశాక కాసేపటికి అది మళ్ళీ క్లోవర్ పూల మీదే ఉండేది.

ఆ కొసలోని డీఎన్‌ఏ ఏది దేనికి చెల్లెలో చెబుతుంది. గూటికి రాణి ఒక్కటే, అదీ సాధారణంగా ఒక్క మగ ఈగతోనే జతకడుతుంది కాబట్టి పోలిక పట్టడం తేలిక. ఊరికి అటొకటి, ఇటొకటి పట్టిన ఈగలు ఒకే తల్లి పిల్లలని తేలినప్పుడు, ట్యూబుల నంబర్లు తారుమారు చేశానేమోనని టెన్షన్ పడ్డాను. మళ్ళీ పరీక్ష చేశాం, అదే జవాబు. ఆ గూటి ఈగలు ఊరు దాటి మేతకెళ్తున్నాయన్నమాట. గట్టు మీద వంద ఈగలు కనిపిస్తే అవి ఎనభై గూళ్ళవో, పదిహేను గూళ్ళవో కంటికి తెలియదు. మనకు కావాల్సింది గూళ్ళ లెక్క.

ఇంగ్లండ్‌లోని బకింగ్‌హంషైర్‌లో పరిశోధకులు మూడు బంబుల్‌బీ జాతుల తల్లి రాణుల్ని, కూలీ ఈగల్ని, మరుసటి వసంతంలో బయటికొచ్చిన కూతురు రాణుల్ని ఇలాగే పోల్చారు. ఆ అధ్యయనం 2017లో 'నేచర్' పత్రికలో వచ్చింది. గూటికి కిలోమీటరు లోపు మంచి మేత ఎంత ఎక్కువుంటే, వంశం మరుసటి ఏడాదికి నిలిచే అవకాశం అంత పెరిగింది. వేసవి పూలతో పాటు వసంతంలో పూసేవీ ముఖ్యమని తేలింది.

మీరడిగేది మన కొండతేనె ఈగల గురించైతే మాత్రం ఈ కిలోమీటరు లెక్క పట్టుకోకండి. అవి కాలాన్ని బట్టి తేనెపట్టు వదిలేసి చాలా దూరం వలసపోతాయి. రాణి ఎన్నో మగ ఈగలతో జతకడుతుంది కాబట్టి ఒకే పట్టులోని ఈగలకు కూడా తండ్రులు వేరు. అక్కడైతే నేను ముందు చూసేది, అవి ఏటా తిరిగొచ్చి పట్టు పెట్టే పెద్ద చెట్లు ఇంకా ఉన్నాయా, ఎవరైనా కొట్టేశారా అని.