కోడలి నోట అత్తగారి గొంతు

ప్రశ్న: మాది మదనపల్లె దగ్గర పల్లె. ఉండేది బెంగళూరు కె.ఆర్.పురంలో. మా కోడలికి ఏడో నెలలో బిడ్డ కడుపులోనే పోయాడు. చూస్తే తట్టుకోలేదని మావాళ్లే తీసుకెళ్లి పూడ్చేశారు. అప్పటి నుంచి సందెవేళ పళ్లు బిగించి, చనిపోయిన మా అత్తగారి గొంతుతో "ఏమే, నా మునిమనవణ్ని ఎక్కడ పెట్టారే?" అని నన్ను నిలదీస్తోంది. తర్వాత ఏమీ గుర్తులేదంటుంది. గాలి సోకిందని, భూతవైద్యుణ్ని పిలిపిద్దామని మావాళ్లు అంటున్నారు. డాక్టరైతే పిచ్చి అని రాసేస్తాడేమోనని భయంగా ఉంది.

జవాబు: అమ్మా, అసలు సంగతి మీరే రాసి దాటిపోయారు. బిడ్డను ఆమెకు చూపించలేదు. ఎక్కడ పెట్టారని ఏ తల్లికైనా అడగాలనే ఉంటుంది. కోడలిగా మీ ఎదుట అడగలేదు. మీ ఇంట్లో మిమ్మల్ని 'ఏమే' అనగలిగింది మీ అత్తగారొక్కరే కదా! నటిస్తోందని మాత్రం అనుకోకండి. మోయలేని దుఃఖాన్ని మనసు ఒక్కోసారి విడదీసి పక్కన పెట్టేస్తుంది. అది వేరే మనిషి మాటగా బయటికొస్తుంది. మానసిక వైద్యులం దీన్ని డిసోసియేషన్ అంటాం. ఇది పిచ్చి కాదు.

గంగమ్మ జాతరలో పూనకం వచ్చేవాళ్లదీ జబ్బేనా అని మీవాళ్లు అడుగుతారు. కాదు. డప్పుకు వచ్చి హారతితో దిగిపోయే పూనకాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా జబ్బుగా లెక్కపెట్టదు. 2022లో అమల్లోకి వచ్చిన దాని జబ్బుల పట్టికలో పూనకానికి వేరే పేరుంది గానీ, అది వద్దన్నా వచ్చి బతుకును చెడగొడితేనే ఆ పేరు.

ముందు ఇది ఫిట్స్ కాదని తేల్చుకోవాలి. నాలుక కొరుక్కోవడం, తెలియకుండా మూత్రం పోవడం ఉంటే డాక్టరుకు చెప్పండి. వచ్చినప్పుడు ఫోన్‌లో వీడియో తీయండి, డాక్టరుకు చూపడానికే, బంధువుల వాట్సాప్ గ్రూపుకు కాదు. హోసూరు రోడ్డులో నిమ్హాన్స్ అనే మానసిక వైద్య ఆసుపత్రి ఉంది. వెళ్లడానికి జంకైతే ముందు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.

తాయెత్తుతో నాకు పేచీ లేదు, కట్టుకోనివ్వండి. కొట్టడం, కట్టేయడం, మిరపకాయల పొగ మాత్రం వద్దే వద్దు. దయ్యం వదిలిస్తామని కొట్టడం కర్ణాటకలో 2017 చట్టం కింద నేరం. అదీగాక, దెబ్బ తిన్న మనసుకు అది ఇంకో దెబ్బ.

ఇక ఆ ప్రశ్న సంగతి. డాక్టరుతో ఒక మాట అనుకుని, ఆమె మామూలుగా ఉన్న పూట మీ అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని, బిడ్డను ఎక్కడ పూడ్చారో చెప్పండి. చూస్తానంటే తీసుకెళ్లండి. ఏడిస్తే ఊరుకోబెట్టకండి.